ధ్రువాల కాడ ఐసు ఎటు పోతుందో మన ఇంట్లో కూర్చొని కనిపెట్టేది ఎట్టా

మాది కావలి పక్కన తుమ్మలపెంట. మా నాయన వల వేసి ఇంజన్ ఆపేశాక మొట్టమొదట చేసే పని ఒడ్డు వైపు తిరిగి చూడటం. గుడి గోపురం ఒకటి, దాని వెనక దూరంగా సెల్ టవర్ ఒకటి, ఆ రెండూ ఒక వరసలోకి వచ్చిన చోటు మనసులో పెట్టుకుంటాడు, ఓ అరగంట ఆగి మళ్లీ చూస్తాడు, టవర్ గోపురానికి కుడి పక్కకి జరిగి కనిపించిందంటే బోటు ఉత్తరానికి కొట్టుకుపోతుందని లెక్క, ఎడమకి జరిగితే దక్షిణానికి. జీపీఎస్ వచ్చి ఇన్నేళ్లయినా ఈ అలవాటు మానలా. నేను ఆర్కిటిక్‌లో ఐసు పలకల్ని చూసే పద్ధతి కూడా అచ్చం ఇదే. కదలని గుర్తు ఒకటి కావాలి, కదిలేది ఒకటి కావాలి, రెండుసార్లు చూడాలి, మధ్యలో ఎంత టైం పోయిందో తెలియాలి. కాకపోతే అక్కడ మబ్బు, చీకటి, మ్యాపు వంకర ఇవన్నీ అడ్డం వస్తాయి, వాటిని దాటుకునేది ఎట్టాగో నాకు తెలిసినంతలో రాస్తుండా.

ముందు ఏ ఐసు గురించి మాట్లాడుతున్నామో తేల్చుకుందాం, చాలామంది ఐస్‌బర్గ్‌నీ దీన్నీ ఒకటే అనుకుంటారు. ఐస్‌బర్గ్ అంటే నేల మీద ఏళ్ల తరబడి పేరుకున్న మంచు సముద్రం దాకా జారొచ్చి విరిగిపడ్డ ముక్క, అది మంచినీళ్ల ఐసు, నీళ్ల కింద చాలా లోతుకి దిగి ఉంటుంది కాబట్టి అడుగు ప్రవాహం ఎటు లాగితే ఎక్కువగా అటు పోతుంది. మనం చూసేది సముద్రపు నీళ్లే గడ్డకట్టిన ఐసు. ఉప్పు ఉండబట్టి అది సున్నా దగ్గర గడ్డకట్టదు, మైనస్ 1.8 డిగ్రీల దాకా చల్లబడాలి. ఒక్క చలికాలంలో కట్టిన ఐసు మీటరున్నర, మహా అయితే రెండు మీటర్ల మందం ఉంటుంది, ఎండాకాలాన్ని తట్టుకొని ఇంకో ఏడాది బతికింది ఇంకొంచెం మందంగా ఉంటుంది. వెడల్పు మాత్రం మన ఇంటి వాకిలంత నుంచి పదుల కిలోమీటర్ల దాకా ఏదైనా కావచ్చు. అంత వెడల్పు, అంత పలచన, అందుకే గాలి ఎటు తోస్తే అటు కదులుతుంది. చెరువులో గుర్రపుడెక్క చూశారుగా, పొద్దున తూము కాడ గుంపుగా ఉన్నది గాలి తిరిగితే సాయంత్రానికి అవతలి గట్టుకి చేరుతుంది, పోతా పోతా విడిపోతుంది, గట్టు తగిలాక మళ్లీ ఒత్తుకుంటుంది. ఐసు చేసేది కూడా అదే, పెద్ద ఎత్తున.

ఇంకో మాట మొదట్లోనే చెప్పేస్తా. ఐసు కదలిక అని వెతికితే బాణం గుర్తులు వేసిన రంగురంగుల మ్యాపులు బోలెడు వస్తాయి. వాటితో మొదలుపెట్టబాకండి. ముందు ఒక్క పలకని మీ కంటితో మీరే పట్టుకొని నాలుగు రోజులు వెంబడించండి, ఆ తర్వాత ఆ బాణాలు చూస్తే ఏది నమ్మాలో ఏది నమ్మకూడదో మీకే తెలుస్తుంది. నేను రివర్సులో పోయి ఆర్నెల్లు వేస్ట్ చేసుకున్నా, ఆ బాణాలు ఏం చెప్తున్నాయో నిజంగా అర్థమయింది మొదటి పలకని చేత్తో కొలిచిన రోజునే.

కావాల్సింది పెద్దగా ఏం లేదు. ల్యాప్‌టాప్ ఉంటే మంచిది, ఫోన్‌లో కూడా అవుతుంది కానీ కళ్లు లాగేస్తాయి. ఒక నోట్‌బుక్, పెన్ను. నాసా వాళ్ల వరల్డ్‌వ్యూ అనే సైటు ఫ్రీనే, లాగిన్ కూడా అక్కర్లేదు. అందులో టెర్రా ఉపగ్రహం మీద ఉండే మోడిస్ కెమెరా తీసిన బొమ్మలు 2000 సంవత్సరం నుంచి రోజువారీగా ఉన్నాయి, ఈ రోజు బొమ్మ మీదే పని చేయాలని లేదు, పాత తేదీల మీద నేర్చుకోవటమే నయం, ఎందుకంటే మబ్బు లేని రోజులు ఏరుకోవచ్చు.

ఎక్కడ చూడాలి అంటే మొదటిసారి వాళ్లకి నేను చెప్పేది ఫ్రామ్ జలసంధి. గ్రీన్‌లాండ్‌కీ స్వాల్‌బార్డ్ దీవులకీ మధ్య ఉండే సందు. ఆర్కిటిక్ సముద్రాన్ని ఒక పెద్ద చెరువు అనుకుంటే దానికి ఇది అలుగు లాంటిది, సైబీరియా వైపు నుంచి ధ్రువం మీదుగా అడ్డంగా వచ్చే ఐసు చివరికి ఎక్కువ భాగం ఇక్కడి నుంచే దక్షిణానికి బయటపడుతుంది. అందుకని ఇక్కడ కదలిక జోరుగా ఉంటుంది, ఒక్క రోజు తేడాతోనే కంటికి ఆనుతుంది. మన దేశం వాళ్ల హిమాద్రి స్టేషన్ 2008లో పెట్టింది కూడా ఈ సందుకి తూర్పు ఒడ్డునే, స్వాల్‌బార్డ్‌లో న్యూ ఒలెసుండ్ అనే ఊళ్లో, గోవాలో ఉండే ధ్రువ పరిశోధన సంస్థ దాన్ని నడుపుతుంది. నెల అంటే ఏప్రిల్ నుంచి ఆగస్టు దాకా, అక్కడ అప్పుడు వెలుతురు ఉంటుంది. నవంబరు, డిసెంబరు తీస్తే స్క్రీన్ అంతా నల్లగా వస్తుంది, సైటు పాడయిందేమో అనుకోబాకండి, అక్కడ సూర్యుడే లేడు.

సైటు తెరిచాక మామూలు ప్రపంచ పటం వస్తుంది, పైన కుడి పక్క భూగోళం గుర్తు నొక్కి ఆర్కిటిక్ అని ఎంచుకోండి, అప్పుడు ధ్రువం మధ్యలో ఉండే మ్యాపు వస్తుంది. మామూలు మ్యాపులో ధ్రువాల దగ్గర అంతా సాగదీసినట్టు ఉంటుంది, అక్కడ కొలిస్తే అన్నీ తప్పులే. తర్వాత తీరం గీతలు, అక్షాంశ రేఖాంశ గీతలు ఉండే లేయర్లు ఆన్ చేసుకోండి. తేదీ మార్చటానికి కింద టైంలైన్ ఉంటుంది, కీబోర్డులో కుడి ఎడమ బాణాలతో ఒక్కో రోజు ముందుకీ వెనక్కీ పోవచ్చు. ఒక నాలుగు రోజులు అటూ ఇటూ గబగబా తిప్పి చూడండి, పలకలన్నీ కలిసి కదలటం ఒక్కసారిగా కనిపిస్తుంది, అది మొదటిసారి చూసినప్పుడు నాకు ఒళ్ళు జలదరించింది, అప్పటిదాకా తెల్లగా పడి ఉన్నది అనుకున్న సముద్రం నడుస్తా ఉంది.

ఇప్పుడు మొదటి అడ్డంకి, మబ్బు. మబ్బూ తెలుపే, ఐసూ తెలుపే. మొదట్లో నేను ఒక అందమైన పలకని రెండు రోజులు వెంబడించి, రోజుకి వంద కిలోమీటర్లకి పైగా పోయిందని రాసుకొని సంతోషపడ్డా, తీరా చూస్తే అది మబ్బు తునక. అప్పటి నుంచి ఒక రూలు పెట్టుకున్నా, రంగు మార్చి చూడకుండా ఏ పలకనీ నమ్మేది లేదు. లేయర్లలో మోడిస్ బొమ్మలే వేరే రంగుల్లో ఉంటాయి, 3-6-7 అని ఒకటి, 7-2-1 అని ఒకటి. టెర్రాది 3-6-7 వేస్తే ఐసు ఎర్రగా కనిపిస్తుంది, నీటి తుంపరల మబ్బు తెల్లగానే ఉంటుంది. 7-2-1 వేస్తే ఐసు నీలం, ఆకుపచ్చ కలిసిన రంగులోకి పోతుంది, నీళ్లు నల్లగా వస్తాయి, మబ్బు తెల్లగా వస్తుంది. కారణం ఏంటంటే మన కంటికి కనపడని పరారుణ కాంతిని ఐసు మింగేస్తుంది, మబ్బులో ఉండే సన్న తుంపరలు వెనక్కి కొడతాయి. బాగా ఎత్తున ఉండే పలచని మబ్బుల్లో తుంపర్లకి బదులు మంచు రేణువులే ఉంటాయి కాబట్టి అవి కూడా కొంచెం ఎర్రగా తిరిగి మోసం చేస్తాయి, అట్టాంటప్పుడు అంచు చూడండి, పలక అంచు కత్తితో కోసినట్టు ఉంటుంది, మబ్బు అంచు దూది పింజలాగా ఉంటుంది. కింద పలక పైన పలచని మబ్బు ఉంటే మబ్బు లోంచే పలక ఆకారం కనిపిస్తుంది, అదీ పనికొస్తుంది.

పలకని ఏరుకోవటంలో కూడా చూపు కావాలి. మరీ చిన్నది వద్దు, బొమ్మలో ఒక్క చుక్క 250 మీటర్లు కాబట్టి కనీసం పది కిలోమీటర్లు ఉండేది తీసుకోండి. గుండ్రంగా ఉండేది వద్దు, గుండ్రటివన్నీ ఒకే పోలికలో ఉంటాయి, రేపు ఏది ఏదో తెలియదు. ఒక మూల విరిగి ఉండేది, మధ్యలో చీలిక ఉండేది, మామిడికాయ టెంకలాగానో చేప తోకలాగానో ఏదో ఒక వంక ఉండేది ఏరుకోవాలి. దాని చుట్టుపక్కల ఉన్న రెండు మూడు పలకల్ని కూడా గుర్తు పెట్టుకోండి, ఎందుకంటే పలక పోతా పోతా తన చుట్టూ తాను తిరుగుతుంది, నిన్న ఉత్తరం వైపు ఉన్న తోక ఇవాళ తూర్పుకి ఉండొచ్చు, అప్పుడు పక్కనుండే వాటిని బట్టి పట్టుకోవాలి. నేను నోట్‌బుక్‌లో పెన్సిలుతో బొమ్మ గీసుకుంటా, స్క్రీన్‌షాట్ ఉన్నా సరే గీస్తే ఆకారం బుర్రలో ఉండిపోతుంది. కొలిచేటప్పుడు అంచుని కాకుండా పలక మధ్య భాగాన్నో ఆ చీలిక మొదలునో పట్టుకోండి, తిరిగినప్పుడు అంచు తప్పు లెక్క ఇస్తుంది.

ఇక కొలత. కర్సర్ పలక మీద పెడితే కింద అక్షాంశం, రేఖాంశం కనిపిస్తాయి, తేదీతో సహా రాసుకోండి. మర్నాడు బొమ్మకి పోయి అదే చోటు మళ్లీ పట్టుకొని రాసుకోండి. సైట్లో స్కేలు గుర్తు ఉంటుంది, దానితో రెండు చోట్ల మధ్య దూరం నేరుగా కొలవచ్చు, అయినా చేత్తో లెక్క వేయటం ఒకసారి నేర్చుకోండి, తర్వాత బోయ్‌ల (ఐసు మీద పెట్టి వదిలేసే చిన్న యంత్రాలు) లెక్కల్లో పనికొస్తుంది. ఒక డిగ్రీ అక్షాంశం ఎక్కడైనా దాదాపు 111 కిలోమీటర్లు. రేఖాంశం అట్టా కాదు, ధ్రువం వైపు పోయే కొద్దీ గీతలు దగ్గరికి వచ్చేస్తాయి. మన నెల్లూరు దగ్గర ఒక డిగ్రీ రేఖాంశం 107 కిలోమీటర్ల పైన ఉంటే 80 డిగ్రీల ఉత్తరాన అది 19 కిలోమీటర్లే. 111ని ఆ అక్షాంశం కొసైన్‌తో గుణిస్తే వచ్చేస్తుంది, ఫోన్ క్యాలిక్యులేటర్ చాలు, అది డిగ్రీల్లో ఉందో లేదో మాత్రం చూసుకోండి.

లెక్క అర్థం కావటానికి అంకెలు వేసుకుందాం. మొదటి రోజు పలక 79.50 ఉత్తరం, 5.0 పడమర. మర్నాడు 79.32 ఉత్తరం, 5.6 పడమర. అంటే దక్షిణానికి 0.18 డిగ్రీలు, అది 20 కిలోమీటర్లు. పడమరకి 0.6 డిగ్రీలు, అక్కడ డిగ్రీకి 20.4 కిలోమీటర్లు కాబట్టి 12.2 కిలోమీటర్లు. రెండింటినీ వర్గం చేసి కలిపి వర్గమూలం తీస్తే 23.5 కిలోమీటర్ల దగ్గర వస్తుంది. రోజుకి కిలోమీటర్లని 86.4తో భాగిస్తే సెకనుకి మీటర్లు వస్తాయి, ఇక్కడ 0.27. ఫ్రామ్ జలసంధిలో గాలి బాగా తోలిన రోజు ఇట్టాంటి అంకె రావటం మామూలే. మీకు ఐదారు రెట్లు ఎక్కువ వచ్చిందంటే మబ్బుని పట్టుకున్నారు లేదా వేరే పలకని చూశారు, వెనక్కి పోయి చూసుకోండి.

ఒక రోజు అని మనం అనుకునేది సరిగ్గా 24 గంటలు కాదు, ఇది చాలామంది పట్టించుకోరు. ఆ రోజువారీ బొమ్మ ఒక్కసారి తీసింది కాదు, ఉపగ్రహం తిరుగుతా తిరుగుతా తీసిన పట్టీలు పక్కపక్కన అతికించింది, తేదీ మారేది కూడా గ్రీనిచ్ టైం ప్రకారం, అంటే మనకి పొద్దున ఐదున్నరకి. ధ్రువం దగ్గర ఒకే చోటుని ఉపగ్రహం రోజుకి చాలాసార్లు చూస్తుంది కాబట్టి ఇవాళ మీ పలక బొమ్మ ఒక టైంలో, రేపటిది ఇంకో టైంలో తీసి ఉండొచ్చు. ఆర్బిట్ ట్రాక్ అనే లేయర్ వేస్తే గీత మీద టైం రాసి ఉంటుంది, రెండు రోజులకీ చూసి అసలు ఎన్ని గంటలో రాసుకోండి. 180 డిగ్రీల రేఖాంశం గీత దగ్గర మాత్రం ఏ పలకనీ కొలవబాకండి, ఆ గీతకి ఒక పక్క బొమ్మ రోజు మొదట్లోది, ఇంకో పక్కది రోజు చివర్లోది, అక్కడ ఒకే పలక రెండుగా విరిగినట్టు కనిపిస్తుంది.

అన్నిటికన్నా పెద్ద తప్పు ఇంకొకటి ఉంది, దీన్ని గట్టిగా చెప్తుండా. ఐసు అంచు జరగటం, ఐసు కదలటం రెండూ ఒకటి కాదు. ఐసు అంచు వారంలో యాభై కిలోమీటర్లు ఉత్తరానికి జరిగిందనుకోండి, ఐసు ఉత్తరానికి పోయిందని అర్థం కాదు. ఐసు దక్షిణానికే పోతా ఉండొచ్చు, అంచు దగ్గర వెచ్చటి నీళ్లు తగిలి కరిగిపోతా ఉండొచ్చు. ఫ్రామ్ జలసంధిలో ఎండాకాలం సరిగ్గా ఇదే జరుగుతుంది. పేపర్లలో వచ్చే ఐసు ఇన్ని లక్షల చదరపు కిలోమీటర్లు అనే లెక్క అంచుని బట్టి వేసింది, సముద్రంలో కనీసం 15 శాతం ఐసు ఉన్న చోటునంతా కలిపి వేస్తారు, అందులో కదలిక, కరగటం, కొత్తగా కట్టటం మూడూ కలిసిపోయి ఉంటాయి. అందుకే నేను ఒక్క పలకని పట్టుకోమనేది, అది ఉన్నంత వరకు అది చెప్పేది కదలిక ఒక్కటే.

పలక కదలికకి కారణం తెలియాలంటే పక్కన గాలి రాసుకోవాలి. ఎర్త్ నల్‌స్కూల్ అనే సైట్లో పాత తేదీల గాలి కూడా కనిపిస్తుంది. అక్కడ పేరుతో తికమక పడబాకండి, ఉత్తరపు గాలి అంటే ఉత్తరం నుంచి వచ్చేది, ఐసు ఉత్తరపు దిక్కుగా పోయింది అంటే ఉత్తరానికి పోయింది, గాలికి వచ్చిన దిక్కు చెప్తాం, నీళ్లకీ ఐసుకీ పోయే దిక్కు చెప్తాం. మన ఊళ్లో బోటు వాళ్లందరూ మాట్లాడేది కూడా ఇట్టానే.

గాలికీ ఐసుకీ లెక్క తేల్చినాయన నార్వే దేశం ఫ్రిట్యోఫ్ నాన్సెన్. ఆ కథ చెప్పకుండా ముందుకి పోలేను. జానెట్ అనే అమెరికా ఓడ 1881లో సైబీరియాకి ఉత్తరాన ఐసులో నలిగి మునిగిపోయింది, మూడేళ్లకి 1884లో దాని సామాన్లు గ్రీన్‌లాండ్ నైరుతి ఒడ్డున ఐసు మీద దొరికాయి. ఎక్కడ సైబీరియా, ఎక్కడ గ్రీన్‌లాండ్. అవి అక్కడి దాకా వచ్చాయంటే ఐసు ధ్రువం మీదుగా నడుస్తుందన్నమాట అని నాన్సెన్ పట్టుకున్నాడు. నలిగిపోకుండా ఐసు మీదికి లేచేటట్టు గుండ్రటి పొట్టతో ఫ్రామ్ అనే ఓడ కట్టించి 1893లో కావాలనే తీసుకుపోయి ఐసులో ఇరికించాడు, ఆ ఓడ ఐసుతో పాటే నడిచి 1896 ఆగస్టులో స్వాల్‌బార్డ్ దగ్గర బయటపడింది. దారి పొడుగునా కొలతలు తీసుకుంటే తేలింది ఏంటంటే ఐసు గాలి వేగంలో దాదాపు 2 శాతంతో పోతుంది, అదీ గాలి పోయే దిక్కుకి కాకుండా 20 నుంచి 40 డిగ్రీలు కుడికి తిరిగి పోతుంది. భూమి తిరగటం వల్ల వచ్చే మలుపు అది, ఆ లెక్కని తర్వాత స్వీడన్ శాస్త్రవేత్త ఎక్‌మన్ కట్టుదిట్టంగా రాశాడు.

పైన వేసుకున్న పలకకి ఇది తగిలించి చూడండి. ఆ రోజు గాలి నేరుగా దక్షిణానికి సెకనుకి 8 మీటర్లు తోలిందనుకుంటే 2 శాతం అంటే 0.16, మనకి వచ్చింది 0.27. మిగిలింది ఎక్కువగా నీటి ప్రవాహం, గ్రీన్‌లాండ్ తూర్పు ఒడ్డు వెంబడి ఎప్పుడూ దక్షిణానికి పారే ప్రవాహం ఒకటి ఉంది. పలక దక్షిణం నుంచి పడమరకి 31 డిగ్రీలు వంగింది, దక్షిణానికి నడిచే మనిషికి కుడిచేయి వైపు పడమరేగా, నాన్సెన్ చెప్పిన మలుపు అక్కడ కనిపిస్తుంది. చలికాలంలో ఐసు కిక్కిరిసి ఉన్నప్పుడు మాత్రం ఈ 2 శాతం లెక్క తప్పుతుంది, గాలి ఎంత తోసినా పక్క పలకలు కదలనివ్వవు, తిరణాలలో జనం మధ్య ఇరుక్కున్నట్టు ఉంటుంది దాని పని. గాలి మ్యాపు దొరక్కపోతే వాయుపీడనం గీతలున్న మ్యాపు చాలు, రష్యా శాస్త్రవేత్త జూబోవ్ చెప్పింది ఏంటంటే ఐసు దాదాపుగా ఆ గీతల వెంబడే పోతుంది, ఉత్తర గోళంలో ఎక్కువ పీడనం కుడి పక్క ఉండేటట్టు.

1827లో విలియం ఎడ్వర్డ్ ప్యారీ అనే ఇంగ్లండ్ నౌకాదళం ఆయన ధ్రువానికి నడిచి పోదామని స్వాల్‌బార్డ్ నుంచి పడవలు ఐసు మీద లాక్కుంటా ఉత్తరానికి బయల్దేరాడు. రోజంతా లాగి లాగి అలిసిపోయి సాయంత్రం కొలిస్తే ముందుకి జరిగింది చాలా తక్కువ, కింద ఐసు వాళ్లని మోసుకొని దక్షిణానికి పోతా ఉంది. 82 డిగ్రీల 45 నిమిషాల దగ్గర వెనక్కి తిరిగాడు. ఆ మనుషుల కాళ్ల కింద జరిగిందే మనం ఇప్పుడు స్క్రీన్ మీద వేలు పెట్టి చూస్తున్నాం. అదే కదలికని నమ్ముకొని 1937 మేలో నలుగురు సోవియట్ మనుషులు ధ్రువం దగ్గర ఒక పలక మీద గుడారం వేసుకున్నారు, తొమ్మిది నెలలు దాని మీదే ఉండి గ్రీన్‌లాండ్ తూర్పు ఒడ్డు పక్కకి వచ్చేశారు, 1938 ఫిబ్రవరిలో ఓడలు పోయి ఎక్కించుకునే టైంకి పలక చాలా చిన్నదయిపోయింది.

మబ్బు వారం రోజులు వదలకపోతే, లేదా చలికాలం చీకట్లో చూడాలంటే రాడార్ బొమ్మలు కావాలి. రాడార్ తన వెలుగు తనే పంపించుకుంటుంది కాబట్టి దానికి సూర్యుడితో పనిలేదు, మబ్బు అడ్డమే కాదు. యూరప్ వాళ్ల సెంటినెల్-1 బొమ్మలు 2014 నుంచి కోపర్నికస్ బ్రౌజర్ అనే సైట్లో ఉచితంగా చూడొచ్చు, సెంటినెల్-1 ఎంచుకొని అందులో ఈడబ్ల్యూ మోడ్ పెట్టండి, 400 కిలోమీటర్ల వెడల్పు పట్టీలు వస్తాయి, ధ్రువాల దగ్గర ఎక్కువగా ఆ మోడ్‌లోనే తీస్తారు. ఇందులో తెలుపు నలుపు అర్థం వేరే. గరుకుగా ఉండే ముసలి ఐసు తెల్లగా, నున్నగా కొత్తగా కట్టిన ఐసు నల్లగా వస్తుంది. నిలకడ నీళ్లు నల్లగా వస్తాయి, అవే నీళ్లు గాలికి అలలు లేస్తే తెల్లగా వచ్చి ఐసులాగా కనిపిస్తాయి. అందుకని హెచ్‌హెచ్ బొమ్మ (రాడార్ అల అడ్డంగా పంపి అడ్డంగానే అందుకున్నది) ఒక్కటే చూసి తేల్చబాకండి, పక్కన హెచ్‌వీ బొమ్మ (అడ్డంగా పంపి నిలువుగా అందుకున్నది) కూడా చూడండి, అందులో అలల నీళ్లకీ ఐసుకీ తేడా బాగా తెలుస్తుంది. జూన్ జులైలో ఐసు పైన నీళ్లు నిలిచి తడిసినప్పుడు ఈ రాడార్‌కి కూడా పలకలన్నీ ఒకే రంగులో కనిపిస్తాయి, ఆ నెలల్లో మామూలు కెమెరా బొమ్మలే నయం.

ఇక్కడ మన వాళ్ల సంగతి రాయాలి. సూళ్లూరుపేట 2022 దాకా మన నెల్లూరు జిల్లానే, చిన్నప్పటి నుంచి శ్రీహరికోట రాకెట్ అంటే మేడ ఎక్కి చూసేవాళ్లం, పిలకాయలందరం పొగ చార కరిగిపోయేదాకా దిగేవాళ్లం కాదు. అందులో కొన్ని ఈ పనికి కూడా పనికొచ్చేవేనని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. 2016 సెప్టెంబరు 26న పోయిన స్కాట్‌శాట్-1 సముద్రం మీద గాలి కొలిచేది, దాని సిగ్నల్‌తో ధ్రువాల ఐసుని కూడా గుర్తుపట్టారు. 2012లో రీశాట్-1, 2022 ఫిబ్రవరిలో ఈవోఎస్-04, రెండూ రాడార్లే. 2025 జులై 30 సాయంత్రం పోయిన నైసార్ ఇస్రో, నాసా కలిసి చేసింది, దాని ఎల్ బ్యాండ్ అల పొడుగు ఎక్కువ కాబట్టి తడిసిన ఐసులో సెంటినెల్ కన్నా బాగా చూస్తుంది, పైగా అది ఒకే పక్కకి తిరిగి చూసేటట్టు పెట్టారు, అందువల్ల అంటార్కిటికా వైపు ఎక్కువ కవర్ అవుతుంది. తెల్ల పలక ఒకటి స్క్రీన్ మీద చూస్తా, దీన్ని చూసే కన్ను మా పక్క నుంచి పైకి పోయింది అనుకుంటే నాకు చాలా తృప్తి.

చేత్తో ఒక పది పలకలు కొలిచాక ఇప్పుడు బాణాల మ్యాపులకి రండి. అవి తయారయ్యేది ఎట్టాగంటే కంప్యూటర్ నిన్నటి బొమ్మలో ఒక చదరపు ముక్క తీసుకొని ఇవాళ్టి బొమ్మ మీద అటూ ఇటూ జరుపుతా ఎక్కడ బాగా కలిసిందో చూస్తుంది, పాత చీరకి అదే డిజైన్ గుడ్డ అతుకు వేసేటప్పుడు పువ్వు పువ్వు కలిసేదాకా జరుపుతారే, అదే పని. అమెరికా వాళ్ల మంచు, ఐసు సమాచార కేంద్రం ఎన్‌ఎస్‌ఐడీసీలో 1978 నుంచి 25 కిలోమీటర్ల గడులతో రోజువారీ లెక్కలు ఉన్నాయి. యూరప్‌లో ఉపగ్రహాలతో సముద్రం, ఐసు లెక్కలు తీసే ఒసిశాఫ్ వాళ్లవి 62.5 కిలోమీటర్ల గడులు, రెండు రోజుల కదలిక. ఇంత పెద్ద గడుల్లో మీ పది కిలోమీటర్ల పలక కనపడదు, ఆ ప్రాంతమంతా సగటున ఎటు పోయిందో చెప్తుంది, ఏళ్ల తరబడి మార్పు చూడాలంటే అదే కావాలి. తీరం పక్కన, ఎండాకాలంలో నమ్మకం తక్కువ. ఫైలు డౌన్‌లోడ్ చేసుకునే వాళ్లకి ఒక హెచ్చరిక, ఎన్‌ఎస్‌ఐడీసీ ఫైల్లో యు, వి అని ఉండే అంకెలు తూర్పు, ఉత్తరం కాదు, గడుల అడ్డం నిలువు దిక్కులు. రేఖాంశాన్ని బట్టి తిప్పుకోకపోతే ఐసు మొత్తం తప్పు దిక్కుకి పోయినట్టు వస్తుంది.

వీటన్నిటికీ సాక్ష్యం బోయ్‌లు. ఐసు మీద పెట్టి వదిలేసిన చిన్న యంత్రాలు, తమ స్థానం ఉపగ్రహానికి పంపిస్తా ఉంటాయి, 1979 నుంచి ఆర్కిటిక్‌లో అంతర్జాతీయ బోయ్ కార్యక్రమం నడుస్తుంది, వాటి దారులు అందరూ చూడొచ్చు. మీ పలకకి యాభై కిలోమీటర్లలో ఒక బోయ్ దొరికిందంటే అదృష్టం, రెండింటి వేగం పక్కపక్కన రాసి చూడండి. గంట గంటకీ ఉండే బోయ్ దారి దగ్గర్నుంచి చూస్తే తిన్నగా ఉండదు, ఎండాకాలం ఐసు వదులుగా ఉన్నప్పుడు జిలేబీ చుట్టలాగా దాదాపు 12 గంటలకొక చుట్టు తిరుగుతుంది. భూమి తిరగటం, ఆటుపోట్లు కలిసి తిప్పేది అది. మన రోజుకొక బొమ్మ పద్ధతిలో ఆ చుట్లు మొత్తం మాయమైపోతాయి, కాబట్టి పలక నిజంగా తిరిగిన దూరం మన లెక్క కన్నా ఎప్పుడూ ఎక్కువే.

కొంచెం చెయ్యి తిరిగాక ఒక్క పలకకి బదులు మూడు పలకలు త్రికోణంలా పట్టుకోండి. మర్నాడు త్రికోణం వైశాల్యం పెరిగితే ఐసు విడిపోతుంది, మధ్యలో నల్లటి నీళ్ల చీలికలు వెతకండి, కచ్చితంగా ఉంటాయి. తగ్గితే ఒత్తుకుంటుంది, పలకలు ఒకదాని మీద ఒకటి ఎక్కి గుట్టలవుతాయి. ఓడల్ని నలిపేది ఈ ఒత్తిడే. అంటార్కిటికా యాత్రకి పోయిన షాకల్టన్ గారి ఎండ్యూరెన్స్ ఓడ 1915లో అక్కడి వెడ్డెల్ సముద్రంలో ఇట్టా నలిగే నవంబరు 21న మునిగింది, 2022 మార్చిలో 3008 మీటర్ల లోతున దొరికింది.

వెడ్డెల్ అన్నాం కాబట్టి దక్షిణం సంగతి. అక్కడ అన్నీ తిరగేయాలి, ఐసు గాలికి ఎడమకి తిరుగుతుంది, కెమెరా బొమ్మలు అక్టోబరు నుంచి ఫిబ్రవరి దాకా. మైపాడు బీచ్‌లో నిలబడి నేరుగా దక్షిణానికి గీత గీస్తే చెన్నై పక్క తీరం, శ్రీలంక దాటాక ఇంక అంటార్కిటికా దాకా నేల లేదు, ఆ గీతకి కొంచెం పడమరనే 76 డిగ్రీల రేఖాంశం మీద 2012లో కట్టిన మన భారతి స్టేషన్ ఉంది. దాని ముందున్న ప్రిడ్జ్ అఖాతం డిసెంబరులో తెరిచి చూడండి. ఒడ్డుకి అతుక్కొని రోజులు మారినా కదలని ఐసు ఒకటి ఉంటుంది, దాని బయట కదిలే ఐసు ఉంటుంది, రెండింటి మధ్య గీత ఎక్కడో నాలుగు రోజుల బొమ్మలు తిప్పితే మీకే తెలుస్తుంది. అతుక్కున్న ఐసు మీద పలక వెతికి వేగం సున్నా వచ్చిందని కంగారు పడేరు. నిజానికి ఆ సున్నా మంచి పరీక్ష, అక్కడ రెండు రోజులు కొలిస్తే మీకు అర కిలోమీటరు కదిలినట్టు వచ్చిందనుకోండి, మీ చేతి తప్పు అంత అని అర్థం, అది నోట్‌బుక్ మొదటి పేజీలో రాసి పెట్టుకోండి.

పలక కనపడకుండా పోయినప్పుడు ఏం చేయాలో కూడా తెలిసి ఉండాలి. చివరిసారి చూసిన చోటు నుంచి, దాని వేగాన్ని మబ్బు పట్టిన రోజులతో గుణించి అంత దూరం గాలి పోయే వైపు వెతకండి, కుడి మలుపు మర్చిపోబాకండి. రోజుకి 20 కిలోమీటర్ల పలక మూడు రోజులు మబ్బులో ఉంటే 60 కిలోమీటర్ల దగ్గర మొదలుపెట్టి చుట్టూ చూడాలి. ముందు పెద్ద ఆకారం కోసం కాకుండా ముక్కల కోసం చూడండి, రెండు ముక్కల అంచులు కలిపితే మీ పెన్సిలు బొమ్మ వస్తుందేమో. ఆకాశం తేటగా ఉన్న మూడు రోజులు వెతికినా దొరక్కపోతే ఇంక వదిలేసి, చివరిసారి కనిపించిన తేదీ, అక్షాంశం, రేఖాంశం, గాలి రాసి గీత కొట్టండి. నా నోట్‌బుక్‌లో మొన్నటి పలక పేజీ 74 డిగ్రీల ఉత్తరం దగ్గర ఆగింది, తోక ముక్క ఒక్కటే ఇంకో రెండు రోజులు కనిపించింది, మా నాయన పక్కన కూర్చొని ఆ ముక్కని నాకన్నా ముందు పట్టుకున్నాడు.